గాజులాయన పోసిన రక్తం

మొన్న నా కూతురి కొడుకు కాలేజీలో రక్తం ఇచ్చి, మోచేతి మడతలో దూది అంటించుకుని ఇంటికి వచ్చాడు. "ముందు నీ రక్తం పరీక్ష చేసిండ్రా?" అని అడిగాను. "చెయ్యకుంట ఎట్ల తీసుకుంటరు అమ్మమ్మా?" అని నవ్వాడు. వాడి నవ్వులో తప్పేమీ లేదు. కానీ అప్పటి నుంచి మట్టెవాడలో మా గల్లీ గాజులాయన నా కళ్ల ముందు నుంచి కదలడం లేదు. గ్రూపు కలిస్తే చాలు, ఇంకేమీ అడగని రోజుల్లో రక్తం ఇచ్చిన మనిషి ఆయన. నాకూ ఇచ్చాడు, వీడి తల్లి పుట్టిన రోజున.

ఆయనకు ఒక పేరుండేది. మా గల్లీలో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. మగవాళ్లకు గాజులాయన, ఆడవాళ్లకు గాజులన్న. నాకు మాత్రం బాపు. మా అత్తగారివాళ్ల ఇత్తడి సామాన్ల దుకాణానికి ఎదురు వరసలో, ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే నిండిపోయే దుకాణం ఆయనది. వెనక గోడంతా రంగురంగుల మట్టి గాజుల వరసలు. ముందు ఒక పాత మెత్త. ఆ మెత్త మీద కూర్చున్న ఆడవాళ్ల చేతిని తన ఒళ్లోకి తీసుకుని, వేళ్ల కణుపులు దగ్గరికి నొక్కుతూ "చెయ్యి ఇడిసిపెట్టు. గీ చెయ్యి నీది కాదు, నాది అనుకో" అనేవాడు. ఆ మాట విని నవ్వేలోపల గాజు మణికట్టు దాటిపోయేది.

గాజులు వేస్తూ గోళ్లు చూసేవాడు. గోళ్లు పాలిపోయి ఉంటే ఊరుకునేవాడు కాదు. బొటనవేలితో ఆ మనిషి కింది కనురెప్పను లాగి చూసి, "నీ ఒంట్ల రక్తమేది? గాజులకేం తొందర, ముందుగాల దవాఖానకు పో" అని బేరం మధ్యలో లేపి పంపేవాడు. కొత్తవాళ్లకు కోపం వచ్చేది. పెళ్లికి గాజులు వేయించుకోవడానికి వచ్చిన ఒక పిల్ల తల్లి, నలుగురిలో మా పిల్లకు రోగం అంటగడతావా అని గొడవపడి వెళ్లిపోయింది కూడా. ఆయన మారలేదు.

రక్తం ఇవ్వడాన్ని ఆయన 'పోసుడు' అనేవాడు, మొక్కకు నీళ్లు పోసినట్టు. "నిన్న ఒక కూలామెకు పోసివచ్చిన. ఇయ్యాల కూసుండి గంజి తాగుతాందట" అని దుకాణం తెరుస్తూనే అందరికీ వినపడేట్టు చెప్పేవాడు. గొప్పలు చెప్పుకోవడంలో ఆయనకు సిగ్గు లేదు. ఎడమ చేతి చొక్కా ఎప్పుడూ మోచేతి పైదాకా మడిచి ఉండేది, సూది గుర్తు నలుగురికీ కనపడాలని. రక్తం ఇచ్చి వచ్చిన రోజున హోటల్లో చక్కెర ఎక్కువ వేయించుకుని చాయ తాగి, రాజులా కూర్చునేవాడు.

నా తొలి కాన్పు డెబ్బైల మొదట్లో, దవాఖానలో. బిడ్డ పుట్టింది గానీ రక్తం ఆగలేదు. మా ఆయన రక్తం నాకు కలవలేదు. మిగతా వాళ్లను పరీక్షకు రమ్మంటే, మా బావగారు, మరిది "చాయ తాగివస్తం" అని బయటికి వెళ్లారు. మళ్లీ కనపడలేదు. వాళ్లను అంతగా తప్పుపట్టలేను. రక్తం ఇస్తే మగవాడు మూలపడతాడని, జన్మలో తిరిగి పుంజుకోడని అప్పుడు అందరూ నమ్మేవాళ్లు. మా అమ్మ వరండాలో గోడకు ఆనుకుని ఏడుస్తోందట. ఎవరు చెప్పారో తెలియదు, గాజులాయన దుకాణం తెరిచింది తెరిచినట్టే వదిలేసి, చెప్పులు కూడా లేకుండా మధ్యాహ్నపు ఎండలో వచ్చాడట. ఇదంతా అమ్మ తర్వాత చెప్పింది. నాకు గుర్తున్నది, తలాపున వేలాడుతున్న గాజు సీసా, మంచం పక్కన వంగి చూస్తున్న ఆయన ముఖం.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. లోపటికి పోతాంది. ఇగ నీకు మంచిగైతది" అన్నాడు.

ఆయనకు ఒక పిచ్చి నమ్మకం ఉండేది. రక్తంతో పాటు తన ఇష్టాలు కూడా అవతలి మనిషికి పోతాయని. నిజంగా నమ్మేవాడో, రోగిని నవ్వించడానికి అనేవాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఇరవై ఒకటో దినం నాడు బిడ్డను చూడటానికి వచ్చి, కూర్చోకముందే నన్ను అడిగాడు.

"ఏం బిడ్డా, ఏమన్న కొత్తగ తినబుద్ధి అయితాందా?"

నాకేమీ అర్థం కాలేదు.

"చింతచిగురు?" అన్నాడు ఆశగా. అది ఆయనకు ప్రాణం. నాకేమో చిన్నప్పటి నుంచీ పులుపు గిట్టదు. కానీ ఆ ముఖం చూసి కాదనలేక "అవును బాపూ" అన్నాను. ఆయన రెండు చేతులూ చరిచి, మా అమ్మ వైపు తిరిగి "సూసినవా చెల్లె, ఎక్కింది!" అన్నాడు. చెట్లు చిగురించే కాలం రాగానే ఒక పెద్ద మూట పంపించాడు. మా అత్తమ్మ పప్పులో వేసి వండితే మర్యాదకు తిన్నాను. ఏడాదికేడాది అట్లా తింటూ తింటూ, ఎప్పుడు ఇష్టపడటం మొదలుపెట్టానో నాకే తెలియలేదు.

మా అత్తమ్మ బాధ వేరు. కాన్పుకు ముందు నేను ఆ ఇంట్లో నోరు విప్పి ఎరగను. తర్వాత బిడ్డ పాల విషయంలోనో, నా నిద్ర విషయంలోనో ఎదురు చెప్పడం మొదలైంది. "అయ్యో, దీనికి ఆ గాజులాయన నోరు ఎక్కిందే" అని వచ్చిన వాళ్లందరికీ చెప్పుకునేది. నేను నవ్వేదాన్ని గానీ, ఆ మాటలో ఎంతో కొంత నిజం ఉందనిపించేది. నా కోసం ఒక మనిషి చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చాడంటే, నేనూ లెక్కలోకి వచ్చే మనిషినేనని నాకు మొదటిసారి తెలిసింది. ఆ ధైర్యం రక్తంలో వచ్చిందో, పరుగులో వచ్చిందో.

మా బావగారిని మాత్రం ఆయన వదల్లేదు. ఎన్నో ఏళ్ల తర్వాత కూడా మా దుకాణం ముందు నుంచి వెళ్తూ ఆగి, "ఏం సేటూ, చాయ తాగుడు అయిపోయిందా?" అని అడిగేవాడు. బావగారు తలెత్తకుండా బిందెలు తుడిచేవారు.

తొర్రూరు దిక్కు నుంచి ఒక గీత కార్మికుడు వచ్చేవాడు. తాటిచెట్టు మీద నుంచి పడి చావు బతుకుల్లో ఉంటే గాజులాయన రక్తం పోసి నిలబెట్టిన మనిషి. ఎండాకాలం వస్తే ముంజలు గంపలో వేసుకుని బస్సెక్కి వచ్చి, దుకాణం అరుగు మీద కూర్చుని తనే ఒలిచి పెట్టేవాడు. గాజులాయన కల్లు ముట్టడు. "నా రక్తం పోసిన గదా, ఇగ వీడు తాగుడు ఇడుస్తడనుకున్న. చింతచిగురు ఎక్కింది గని కల్లు ముట్టని గుణం ఎక్కలే" అని మాకు చూపించి నవ్వేవాడు. ఆ గీత కార్మికుడు కూడా నవ్వేవాడు.

ఒక ఏడు ముంజలు రాలేదు. ఆ మనిషికి కామెర్లు వచ్చి, కడుపు ఉబ్బి చనిపోయాడని తెలిసింది. గాజులాయన వెళ్లి చూసి వచ్చి చాలా రోజులు కోపంగా ఉన్నాడు. "తాగకురా తాగకురా అంటే ఇన్నడా? పోసిన రక్తం అంత కల్లుల కలుపుకున్నడు" అని తిట్టాడు. అందరూ అదే అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను.

ఎనభైలు సగం దాటాక, ఒక ఆదివారం పొద్దున ఆయన మా గుమ్మం ముందు నిలబడ్డాడు. ఎప్పుడూ సరాసరి లోపలికి వచ్చి మంచినీళ్లు అడిగే మనిషి, గడప దాటలేదు. చొక్కా చేతులు రెండూ కిందికి దించి ఉన్నాయి.

"బిడ్డా, జర ఎల్తుర్లకు రా" అన్నాడు.

వాకిట్లోకి వెళ్లాను. కింది రెప్ప లాగలేదు. తాకలేదు. కొంచెం దూరం నుంచే నా కళ్లలోకి వంగి చూశాడు, ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను.

"పచ్చగ లేవు గదా? నీకు ఎన్నడన్న కామెర్లు అయినయా?"

"లేదు బాపూ. ఏమైంది?"

ఆయన అరుగు మీద కూర్చుని చెప్పాడు. ఎవరికో రక్తం ఇవ్వడానికి పోతే, కొత్తగా వచ్చిన డాక్టరు ముందు పరీక్షకు తీశాడట. రెండు రోజుల తర్వాత పిలిచి, నీ రక్తంలో కామెర్ల పురుగు ఉంది, ఇక ఎవరికీ ఇవ్వొద్దు అన్నాడట.

"నాకేం రోగం లేదు సారూ, నేను మంచిగనే ఉన్న అన్న. నీకు ఏం కాదు, నీ రక్తం ఇంకొకలకు పోతే వాళ్లకు అయితది అన్నడు." దించిన చొక్కా చేతిని ఇంకా కిందికి లాక్కుని, "నేను ఇష్టాలు పోతయని నవ్విన గద బిడ్డా. రోగం పోదా మరి?" అన్నాడు.

మరునాడు మా ఆయనతో చెప్పి, బాపుతో కలిసి దవాఖానకు వెళ్లాను. నా రక్తమూ పరీక్ష చేయించాను. అందులో ఏమీ లేదని తేలింది. నేను సంతోషంగా ఆయన వైపు చూశాను. ఆయన డాక్టరు వైపు చూస్తున్నాడు.

"ఇది నాకు ఎప్పటిసంది ఉన్నట్టు సారూ?"

"చెప్పలేం పెద్దాయనా" అన్నాడు డాక్టరు. చిన్న వయసు, మంచివాడు. "ఎన్నో ఏళ్ల నుంచి ఉండొచ్చు, పోయిన ఏడే రావచ్చు. ఈమెకు ఇచ్చినప్పుడు లేదేమో. ఉన్నా ఈమె ఒళ్లు తట్టుకుందేమో. అప్పట్లో ఇక్కడ ఈ పరీక్షే లేదు. మీ తప్పు ఏముంది ఇందులో?"

"ఒకాయన కామెర్లతోని సచ్చిపోయిండు. నేను పోసినంక."

"తాగేవాడా?"

"తాగేటోడు."

"అయితే దానివల్లనే కావచ్చు."

"కాకపోవచ్చు గూడ?"

డాక్టరు ఆయన ముఖంలోకి చూసి, "కాకపోవచ్చు కూడా" అన్నాడు. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. ఆయన అబద్ధాన్ని నమ్మే స్థితిలో లేడు.

బయటికి రాగానే తొర్రూరు దిక్కు పోతానన్నాడు. ఆ చనిపోయినాయన భార్యకు చెప్పాలట. నేను వద్దన్నాను. ఇన్నేళ్ల తర్వాత చెప్పి ఏం లాభం, తెలియని దాన్ని తెలిసినట్టు ఎట్లా చెప్తావు అన్నాను. "తెల్వదు అనే చెప్త" అన్నాడు. ఇంటికి వచ్చి మా అత్తమ్మతో అంటే, ఒకప్పుడు ఆయన నోరు నాకు ఎక్కిందని గోల పెట్టిన ఆ ముసలావిడ, "ఒక్కణ్ణి పంపకు. నువ్వు గూడ పో" అంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. పత్తి చేలు వెనక్కి పోతున్నాయి. ఆయన భార్య సంగతి నాకు అప్పటిదాకా తెలియదు, చిన్న వయసులోనే పోయిందని తప్ప. ఉన్నట్టుండి ఆయనే చెప్పాడు.

"మా ఇంటామెకు తొలుసూరు కాన్పు. నేను గాజుల మలారం భుజానికెత్తుకొని జాతరల అమ్ముతాన. ఇంకా దినాలున్నయి గదా అనుకున్న. రక్తం కావాలె అంటే మనోళ్లు ఎవలు రాలే. నేను వచ్చేటాళ్లకు తల్లి లేదు, పిల్ల లేదు. తర్వాత ఎన్నడో నా గ్రూపు చూసినోళ్లు చెప్పిండ్రు, నాది ఆమెకు పనికొస్తుండె అని." తల కిటికీ వైపు తిప్పుకున్నాడు. "అందుకే పోసిన బిడ్డా, అందరికి. మంచిపనే అనుకున్న."

మేం వెళ్లేసరికి ఆ చనిపోయినాయన భార్య ఇంటి ముందు మిరపకాయలు ఆరబోస్తోంది. మమ్మల్ని చూసి చేతులు కొంగుకు తుడుచుకుని "అన్నా, ఎన్నాళ్లకొస్తివి" అని మంచం వాల్చింది. ఆయన కూర్చోలేదు. నిలబడే, ఒక్కొక్క మాట వెతుక్కుంటూ చెప్పాడు. తన రక్తంలో ఆ రోగం ఉందని. అప్పుడు ఉందో లేదో తెలియదని. ఆమె పెనిమిటికి అది తన నుంచే పోయి ఉండవచ్చని. పోకపోయి ఉండవచ్చని కూడా.

ఆమె లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి నాకు ఇచ్చింది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"ఎందుకు చెప్పినవు అన్నా?"

ఆయన తల వంచుకున్నాడు.

"తాగి తాగి నన్ను ఆగం చేసి పోయిండని ఇన్నేండ్లు ఆయన్ను తిట్టుకుంట బతికిన. పొద్దుగాల లేస్తే తిట్టిన, కూలికి పోతే తిట్టిన. ఆ కోపం మీదనే పిల్లలను సాదిన. ఇప్పుడు ఆయన తప్పు కాదంటివి. ఇగ నేను ఎవల మీద కోపం చెయ్యాలె? నీ మీదనా? నువ్వు బతికిచ్చినోనివి."

ఆయన రెండు చేతులూ జోడించాడు. ఆమె ఆ చేతుల వైపు చూడకుండా మళ్లీ మిరపకాయల దగ్గర కూర్చుంది. పొమ్మని అనలేదు, ఉండమనీ అనలేదు. మేం నడిచి బస్సు దగ్గరికి వచ్చాం.

ఆ తర్వాత ఆయన దుకాణంలో ఆడవాళ్లకు గాజులు తొడగడం మానేశాడు. గాజు పగిలితే ఆయన వేలు తెగుతుంది, అవతలి చెయ్యీ తెగుతుంది. పక్కన కూర్చుంటే, తాకితే ఏమీ కాదు, రక్తం రక్తంలో కలిస్తేనే ప్రమాదం అని డాక్టరు చెప్పిన మాటను ఆయన ఈ విధంగా పట్టుకున్నాడు. గాజులు కాగితంలో చుట్టి ముందుకు జరిపి, "మీరే ఏసుకోండ్రి" అనేవాడు. ఆయన చేతితో వేయించుకోవడానికే వచ్చే ఆడవాళ్లు కొన్నాళ్లు అడిగి చూశారు, తర్వాత వేరే దుకాణాలకు పోయారు. గోళ్లు చూడటం లేదు, రెప్పలు లాగడం లేదు. మా బావగారిని చాయ గురించి అడగడం కూడా మానేశాడు. ఒక రోజు బావగారే హోటల్ నుంచి చాయ తెప్పించి, తీసుకుపోయి ఆయన ముందు పెట్టి తిరిగి వచ్చారు.

నేను పోయినప్పుడల్లా ఆయన అడిగేది ఒక్కటే. "తొర్రూరు దిక్కు నుంచి ఏమన్న ఖబర్ వచ్చిందా?"

"లేదు బాపూ. నేను పోయి మాట్లాడి రానా?"

"వద్దు వద్దు. ఆమెను ఇగ సతాయించొద్దు" అనేవాడు. కానీ మళ్లీ పోయినప్పుడు మళ్లీ అడిగేవాడు.

చలికాలంలో ఒక పొద్దున, దుకాణం తలుపు తీసి మెత్త దులుపుతూ అట్లాగే ఒరిగిపోయాడు. గుండె ఆగిందన్నారు. కామెర్లకూ దానికీ సంబంధం లేదు. గల్లీ జనం వచ్చారు, మా ఇంటివాళ్లందరూ వెళ్లారు. అంతకు మించి ఎవరూ లేరు. ఆయన రక్తం ఎవరెవరి ఒంట్లో తిరుగుతోందో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు గనుక, కబురు పంపే దారి లేదు. తొర్రూరు దిక్కు కబురు చేద్దామా అని నేనే అనుకుని, ఆమెను సతాయించొద్దన్న ఆయన మాటే గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ఆమె మా ఇంటికి వచ్చింది. వెంట పొడుగ్గా ఎదిగిన ఒక పిల్ల, కొత్త లంగా ఓణీలో, కొంచెం సిగ్గుపడుతూ.

"వదినా, అన్న దుకాణం మూసున్నది. ఏ ఊరికన్న పోయిండా?"

ఆమెను కూర్చోమన్నాను. నేను నీళ్లు తెచ్చేలోపల ఆమె మాట్లాడుతూనే ఉంది.

"మా చిన్నది పెద్దమనిషైంది. పండుగ చేస్తానం, అన్నను రమ్మని చెప్ప వచ్చిన. ఆ దినం నేను మంచిగ మాట్లాడలే. తర్వాత మస్తు సార్లు అనుకున్న వద్దామని. కలుపు అయినంక అనుకున్న, పత్తి ఏరినంక అనుకున్న. ఇగో, ఇది వాళ్ల నాయిన చెట్టు మీదనుంచి పడి లేచినంకనే కడుపుల పడ్డది. అన్న రక్తం పోయకపోతే ఇది ఏడ ఉంటుండె? గీ మాట ఆ దినం నాకు నోట్లకు రాలే వదినా. అన్నకు ఒక్కసారి పిల్లను చూపియ్యాలె."

అప్పుడు చెప్పాను.

ఆమె చేతిలోని గ్లాసు అట్లాగే పట్టుకుని గుమ్మంలో కూర్చుండిపోయింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. పిల్లకు ఏమీ అర్థం కాలేదు. తల్లినీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"ఎవలమ్మా ఆయన?" అని అడిగింది.

నేనే చెప్పాను, "మీ నాయినకు రక్తమిచ్చినాయన బిడ్డా" అని.

"గంతనే కాదు" అంది తల్లి.

పిల్ల భుజం పట్టుకుని లేచి నిలబడింది. తిరుగు బస్సుకు ఇంకా చాలా సమయం ఉంది. అయినా వాళ్లు ఆగలేదు.